పాస్ అడగని పిల్ల

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: పిల్లకి వేడి చేసింది.

మా అత్తగారికి ఆ మాట ఒక్కటి అనేస్తే వైద్యం పూర్తయినట్టే. తలనొప్పి వచ్చినా వేడి, కళ్ళు ఎర్రబడ్డా వేడి, మొహం మీద మొటిమ లేచినా వేడి. మా అమ్మాయి ఒకరోజు పొద్దున్నే పొత్తికడుపు పట్టుకుని బాత్‌రూంలోంచి బయటికొచ్చి, "నాన్నమ్మా, వెళ్తుంటే మంటగా ఉందే" అంటే, ఆవిడ కళ్ళజోడు కూడా సవరించుకోకుండా, "వేడి చేసింది, బార్లీ నీళ్ళు తాగు" అనేసింది. నేనూ అవునన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లకి చేసింది వేడి కాదు, మేం.

మా అమ్మాయిని ఇంట్లో లాయరు అంటాం. నాలుగేళ్ళప్పుడే "ఎందుకు?" అని అడగనిదే అన్నం ముద్ద మింగేది కాదు. వాళ్ళ నాన్న లారీ మీద వెళ్తే పదిహేను రోజులకి గానీ ఇంటికి రాడు. వచ్చిన రోజు, ఇన్నాళ్ళూ ఇంట్లో జరిగిన తగాదాలన్నీ ఇటు సాక్ష్యం, అటు సాక్ష్యం చెప్పి ఆయన చేత తీర్పు చెప్పించేది. అలాంటి పిల్ల ఆ ఎండాకాలం నోరు మెదపడం మానేసింది. పదహారేళ్ళు వచ్చాయి, బుద్ధిమంతురాలైంది అని మురిసిపోయాను. అంత తెలివి నాది.

ఆ ఏడు దానికి ప్రవేశ పరీక్ష. అందుకోసం రెండున్నర నెలలు కోచింగ్, పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా. చేర్పించడానికి నేనే తీసుకెళ్ళాను. అక్కడి డైరెక్టరు మెత్తటి మనిషి, మాటకి ముందొకసారి వెనకొకసారి 'మేడం' అంటాడు. నేనేం చేస్తుంటానని అడిగాడు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్నని చెప్పాను. నా లైనులో ముప్ఫై మిషన్లు, ముప్ఫైమంది ఆడవాళ్ళు.

"అబ్బో, ముప్ఫైమందిని కూర్చోబెట్టి పని చేయించడమంటే మాటలా మేడం! నేను ఈ పిల్లల్ని ఒక గంట కూర్చోబెట్టలేకపోతున్నా. ఏదో వంక పెట్టుకుని వరండాలో తిరుగుతూనే ఉంటారు" అన్నాడు.

నా పనిని ఎవరైనా మెచ్చుకుని ఎన్నేళ్ళయిందో. ఉబ్బిపోయి, పావుగంట సేపు నా గొప్పలు చెప్పుకున్నాను. లాయరు నా పక్కనే కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

మొదటిసారి మంట వచ్చింది రెండో వారంలో. బార్లీ నీళ్ళతో తగ్గకపోతే సందు చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పిల్ల మొహం చూడలేదు, నా మొహం చూశాడు. "యూరిన్ ఇన్‌ఫెక్షన్. ఆడపిల్లలకి మామూలే" అని ఐదు రోజులకి మాత్రలు రాశాడు. రెండో రోజుకే మంట పోయింది. మూడో రోజు మా అత్తగారు మాత్రల పొట్లం పక్కన పడేసింది. "తగ్గిందిగా, ఇంకా ఎందుకే? ఈ మందులూ వేడే" అంది. దానికీ తల ఊపాను.

మూడు వారాలు తిరగలేదు, మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంట్లో ఉన్నంతసేపూ పది నిమిషాలకోసారి బాత్‌రూంకి పరుగెత్తడం, వెళ్తే రెండు చుక్కలు. సందు చివరి డాక్టరు పాత చీటీ అడిగి, దాని మీదే మళ్ళీ అవే మాత్రలు రాసి ఇచ్చాడు. ఇంటికొచ్చాక నేను దాన్ని నిలబెట్టి చెడామడా తిట్టాను.

"పదహారేళ్ళొచ్చాయి, శుభ్రంగా ఉండడం కూడా నేనే నేర్పాలా? అసలు సరిగ్గా కడుక్కుంటున్నావా?"

ఎందుకు, ఎలా, సాక్ష్యం ఏదీ అని అడిగే పిల్ల ఒక్క మాట అనలేదు. నా వైపు ఒకసారి చూసి లోపలికెళ్ళి పుస్తకం తెరిచింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మూడోసారి ఆ డాక్టరుకి కొత్త మాట దొరికింది. "టెన్షన్ అమ్మా! పరీక్షల టెన్షన్. ఈ కాలం పిల్లలు మరీ సున్నితం. పరీక్ష అయిపోతే ఇదీ పోతుంది." మాత్రలు మాత్రం అవే. ముగ్గురు పెద్దవాళ్ళం కలిసి తప్పంతా తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తినే పెట్టాం. మా అత్తగారు దాని ఒంటి వేడిని అంది. నేను దాని శుభ్రాన్ని అన్నాను. డాక్టరు దాని మనసుని అన్నాడు. రోజంతా అది కూర్చునే చోటు ఎలా ఉందో ఒక్కరం అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి. పొద్దున్న నేను నింపి ఇచ్చిన నీళ్ళ సీసా సాయంత్రం నింపింది నింపినట్టే తిరిగొచ్చేది. దాన్ని సింకులో ఒంపేసి, పొద్దున్నే మళ్ళీ నింపేదాన్ని. రెండు నెలలు అదే పని. ఫ్యాక్టరీలో గుండీ ఒక పోగంత పక్కకి జరిగితే పది అడుగుల దూరం నుంచి పట్టుకునేదాన్ని. ఇది నా చేతుల్లోనే ఉండి కూడా పట్టుకోలేకపోయాను.

పరీక్ష ఇంకో మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీకి ఫోనొచ్చింది. "మీ అమ్మాయి క్లాసులో వాంతి చేసుకుంది, వచ్చి తీసుకెళ్ళండి" అన్నారు. వెళ్ళేసరికి గేటు దగ్గర బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ మండుటెండలో పళ్ళు టకటకమంటుంటే వణుకుతోంది. నడుము పక్కన చెయ్యి వెయ్యనివ్వలేదు. సందు చివరి డాక్టరు మొహం చూడబుద్ధి కాలేదు. ఆటో ఎక్కించి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోయాను.

అక్కడ లేడీ డాక్టరు యాభై ఏళ్ళ మనిషి, గొంతు కాస్త కరుకు. పిల్లని బోర్లా తిప్పి, నడుము పైన పక్కగా పిడికిలితో మెల్లిగా తట్టింది. పిల్ల కెవ్వుమంది.

"ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. ఇది ఎన్నోసారి?"

"నాలుగోసారండి."

"మూత్రం కల్చర్ పరీక్ష ఎప్పుడైనా చేయించారా? ఏ క్రిమి, దానికి ఏ మందు పని చేస్తుంది, అది తెలిసేది?"

"లేదండి. వేడి చేసిందనుకున్నాం..."

ఆవిడ పిల్ల వైపు తిరిగి, "కోచింగ్‌లో బాత్‌రూంకి వెళ్ళడానికి కుదురుతోందా?" అని అడిగింది.

"కుదరకేమండీ!" అన్నాను నేను. "పెద్ద సంస్థ. అన్నీ పద్ధతి ప్రకారమే. అడిగితే పంపిస్తారు."

"నేనడిగింది మీ అమ్మాయిని. మీరు కాసేపు బయట కూర్చోండమ్మా."

కన్నతల్లిని బయటికి పొమ్మందే అని ఉడుక్కుంటూ బెంచీ మీద కూర్చున్నాను. పావుగంట తర్వాత పిలిచింది. లాయరు కళ్ళు తుడుచుకుంటోంది. డాక్టరు కాగితం మీద రాసుకున్నది చూసి చెప్పింది.

"పొద్దున్న ఇంట్లో వెళ్ళాక, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. దాదాపు పన్నెండు గంటలు. దానికోసం రోజుకి ఒకటిన్నర గ్లాసు నీళ్ళతో సరిపెడుతోంది. రెండు నెలల నుంచి ఇదే. మీరు ఉండగలరా అలా?"

నేను ఉండగలను. ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళ నుంచి అలాగే ఉంటున్నాను. ఆ మాట పైకి అనలేదు.

"వెళ్ళొచ్చుగా తల్లీ, అడిగితే పంపరా?" అన్నాను పిల్లతో.

"అరవైమందికి ఒకటే పాసమ్మా" అంది లాయరు, గోడ వైపు చూస్తూ. "ఎర్ర అట్ట, తాడు కట్టి ఉంటుంది. మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో పుస్తకంలో రాస్తారు. శనివారం ఎవరు ఎక్కువ నిమిషాలు పాడు చేశారో పేర్లు చదువుతారు. మధ్యాహ్నం తిండికి అరగంట ఇస్తారు గానీ, ఉన్న నాలుగు బాత్‌రూముల్లో రెండిటికి తాళం, వంతు వచ్చేలోపు గంట కొట్టేస్తారు." మళ్ళీ తన పాత లాయరు గొంతుతో అంది: "పాస్‌కి వెళ్ళాలంటే పాస్ కావాలి. పరీక్ష పాసవ్వాలంటే పాస్‌కి వెళ్ళకూడదు."

డాక్టరుకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి టెన్షన్ వల్ల అన్నారండీ మా డాక్టరుగారు?" అన్నాను.

"టెన్షన్ పడే పిల్ల నీళ్ళు మానేస్తుంది. వచ్చినా ఆపుకుంటుంది. జబ్బు తెచ్చేది అది. ఆ టెన్షన్ పెట్టిందెవరో వాళ్ళని అడగండి, పిల్లనెందుకు అంటారు?" అని, లాయరు వైపు తిరిగింది. "చూడమ్మా, రెండు రోజులు ఇక్కడే ఉండి సెలైన్‌లో మందెక్కించుకుంటావు. స్కాన్ తీస్తాం. రిపోర్టు వచ్చాక దానికి తగ్గ మాత్రలు రాస్తాను, ఆఖరి మాత్ర దాకా వేసుకోవాలి. తగ్గిందని మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు ముదిరిపోతాయి. నీళ్ళు బాగా తాగాలి. మూడు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా లేచి వెళ్ళాలి. తొందర పడకుండా పూర్తిగా అయ్యాకే రావాలి. అన్నిటి కంటే ముఖ్యమైన మందు అది."

ఆ చివరి ముక్కలన్నీ ఒక కాగితం మీద రాసి, కింద ఇంకో వాక్యం రాసి సంతకం చేసింది: దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మర్నాడు అత్తగారిని పిల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ కాగితం పట్టుకుని కోచింగ్‌కి వెళ్ళాను. దారి పొడుగునా ఏమేం అనాలో మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను. పిల్లల్ని పశువుల్లా కట్టేస్తారా అనాలి. మీ ఇంట్లో ఆడపిల్లల్లేరా అనాలి. క్లాసు తలుపు పక్కన మేకుకి ఆ ఎర్ర అట్ట వేలాడుతోంది. దానికింద బల్ల మీద పుస్తకం. తెరిచి చూశాను. మా అమ్మాయి పేరు మొదటి వారంలో ఒక్కసారి ఉంది: ఆరు నిమిషాలు. దానికింద ఎర్ర గీత. ఆ తర్వాత రెండు నెలల పేజీల్లో ఎక్కడా లేదు.

డైరెక్టరు ఎదురొచ్చి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఏం పద్ధతండీ ఇది? పిల్ల కిడ్నీ మీదికొచ్చింది! అరవైమందికి ఒక పాసా? ఒంటికి వెళ్ళడానికి కూడా లెక్కలు రాస్తారా? ఎవరికి పుట్టిందండీ ఈ దిక్కుమాలిన ఆలోచన?"

ఆయన కోప్పడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అదేమిటి మేడం, మీరే కదా చెప్పింది?"

"నేనా?"

"చేర్పించిన రోజు. మా లైనుకి బాత్‌రూం బిళ్ళ ఒకటే సార్, మేకుకి ఉంటుంది, నిమిషాలు రాస్తాం, అప్పటి నుంచి తిరగడం మానేశారు, మీరూ పెట్టి చూడండి అన్నారు. మర్నాడే పెట్టాను. ఎంత బాగా పని చేసిందో! క్లాసులో కూడా చెప్పాను మేడం, ఇది మీ స్నేహితురాలి వాళ్ళమ్మగారి సలహా అని. మంచి మాట చెప్పినవాళ్ళ పేరు దాచకూడదు కదా."

చూపించిన కుర్చీలో కూర్చున్నాను.

"తప్పు చెప్పాను. తీసేయండి."

"ఇప్పుడెలా మేడం, పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. ఒకసారి వదిలితే పట్టుకోగలమా? మీకు తెలియనిదా! కావాలంటే మీ అమ్మాయికి స్పెషల్‌గా ఇంకో పాస్ ఇస్తాను."

"అరవైమంది ముందు రోగం పాస్ మెళ్ళో వేసుకుని తిరగాలా అది?"

ఆయన చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వాడు. నా లైనులో ఎవరైనా మాట్లాడబోతే నేనూ అలాగే నవ్వుతాను. అచ్చం అలాగే.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి అత్తగారు కునుకు తీస్తోంది. పిల్ల మెలకువగా ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నీకు తెలుసా?" అన్నాను. ఏమిటని అడగలేదు.

"మొదటి రోజు నుంచీ."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావు? నీ ఉద్యోగమే అదిగా." తిట్టినట్టు కూడా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అంది. "మొదటి వారంలో ఒకసారి పాస్ అడిగాను. వెనక బెంచీలోంచి ఒకతి, 'వాళ్ళమ్మ బిళ్ళేగా, ఇంటికి కూడా పట్టుకెళ్ళు' అంది. అందరూ నవ్వారు. ఇంక అడగలేదు."

"నేను తిట్టినప్పుడైనా చెప్పాల్సింది తల్లీ. శుభ్రం లేదు అన్నాను, నోటికొచ్చినట్టల్లా అన్నాను..."

"నువ్వు జడ్జివైతే చెప్పేదాన్ని అమ్మా. నువ్వే ముద్దాయివి." అని కళ్ళు మూసుకుంది.

ఏడుపు రాలేదు. కడుపు మండిపోయింది. ఆ డైరెక్టరు మీద, సందు చివరి డాక్టరు మీద, వేడి మీద, అన్నిటికంటే ఎక్కువగా పావుగంట గొప్పలు చెప్పుకున్న నా నోటి మీద.

పిల్ల ఇంటికొచ్చాక ఫ్యాక్టరీకి వెళ్ళాను. సూపర్‌వైజర్నయిన తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్న మేకే. దానికి చెక్కబిళ్ళ. తాడు చేతి చెమటకి నల్లబడింది. దాన్ని తీసి నా సంచీలో వేసుకున్నాను. పుస్తకం కూడా. ఎవరూ గమనించలేదు. పదిన్నరకి కాలర్లు కుట్టే ఆవిడ లేచి, మేకు దగ్గరికొచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఆవిడకి ఏడో నెల.

"అక్కా, బిళ్ళేదీ?"

"లేదు."

"ఎవరైనా తీసుకెళ్ళారా? వచ్చేదాకా ఆగనా?"

"ఎవరూ తీసుకెళ్ళలేదు. ఇంక బిళ్ళ లేదు. నువ్వు వెళ్ళు."

ఆవిడ కదల్లేదు. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుంది పాపం. నా మొహం, మేకు, నా మొహం చూసింది. ముప్ఫై మిషన్లూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను వాళ్ళకి ఇన్నేళ్ళు ఏం నేర్పానో అప్పుడు అర్థమైంది.

"వెళ్ళమ్మా. ఎంతసేపైనా పర్లేదు" అన్నాను.

లాయరు ఆఖరి పది రోజులకి కోచింగ్‌కి వెళ్తానంది. వద్దని నేనన్నాను, వద్దని వాళ్ళ నాన్న ఫోన్లో అన్నాడు. మా ఇద్దరి వాదనా కొట్టేసింది. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, సంచీలోంచి సీసా తీసి బల్ల మీద ఠప్పున పెట్టింది. ఖాళీ సీసా.

"పదింటికి లేచా. పాస్ తీసుకోలేదు. సార్ 'పాస్ ఏదీ?' అన్నాడు. డాక్టరుగారి కాగితం చూపించా. 'ఇది నీకొక్కదానికే' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మిగతావాళ్ళు కూడా జబ్బు పడేదాకా ఆగమంటారా సార్ అన్నా."

ఆ మధ్యాహ్నం దాని వెనకాల ఇద్దరు లేచారట. అందులో ఒకతి, ఇంటికి కూడా పట్టుకెళ్ళు అన్న వెనక బెంచీ పిల్ల. నాలుగో రోజుకి మేకుకి వేలాడుతున్న ఎర్ర అట్టని ఎవరూ ముట్టుకోవడం లేదంది. డైరెక్టరు దాన్ని తియ్యనూ లేదు. తప్పు ఒప్పుకోవడం అందరి వల్లా అవుతుందా!

మాత్రలు ఆఖరిదాకా దగ్గరుండి వేయించింది మా అత్తగారే. "వేడి చేస్తుందేమో అత్తయ్యా" అని నేను ఎత్తిపొడిస్తే, "నోరు మూసుకో" అంది. స్కాన్‌లో కిడ్నీకి ఏ దెబ్బా తగల్లేదని తేలింది. మందులయ్యాక ఆ ఎండాకాలం మళ్ళీ మంట రాలేదు. పరీక్ష రాసింది. హాల్లో రెండుసార్లు లేచి వెళ్ళొచ్చిందట. మార్కుల సంగతి తర్వాత, ముందు ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీలో నన్ను లైను మీది నుంచి తీసేసి మళ్ళీ మిషను మీద కూర్చోబెట్టారు. మేనేజరు కారణం కాగితం మీద రాయలేదు. నా చోట్లోకి నేను పని నేర్పిన అమ్మాయే వచ్చింది. వచ్చిన రోజే అదే మేకుకి కొత్త బిళ్ళ తగిలించింది, ప్లాస్టిక్‌ది. నన్ను చూసి మొహమాటంగా తల దించుకుంది. దాన్ని అనడానికి నాకు నోరెక్కడిది? కానీ పదకొండవగానే మిషను ఆపి లేచాను. మేకు పక్కనుంచే వెళ్ళాను. "అక్కా, బిళ్ళ..." అని వినిపించింది. వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే లాయరు గుమ్మంలో నిలబడి విచారణ మొదలుపెడుతుంది.

"ఇవాళ ఎన్నిసార్లు లేచావు?"

"మూడు."

"బిళ్ళ ముట్టుకున్నావా?"

"ముట్టుకోలేదు."

"సాక్షులున్నారా?"

"ఉన్నారు. కాలర్లావిడ నా వెనకే వచ్చింది. ఆవిడ వెనకాల ఇంకో నలుగురు."